గాండర్ మిట్ట మీద బూర

నెదర్ హాలో,
1884 జూన్

చెల్లి థర్జాకు అక్క కెజియా రాస్తున్నది.

ఆంబ్రోస్ పోయాక నువ్వు పంపిన మూట చేరింది. మీ ఇంట్లో ఉండిపోయిన వాడి చొక్కాలు, సైకిల్ క్లబ్బు వాళ్ళ నీలం టోపీ, బూట్లు అన్నీ ఒక్కొక్కటే తీసి చూసుకున్నాను. బూట్లు తుడిచి, నల్లరంగు పట్టించి పంపావు. నువ్వు మంచి మనసుతోనే చేసి ఉంటావు. కానీ ఆ మట్టి ఉంచాల్సింది చెల్లీ. నా దగ్గరికి వస్తూ తొక్కిన మట్టి అది.

నా రాత సంగతి నీకు తెలిసిందే. వాడు ఆదివారాలు వచ్చినప్పుడు పక్కన కూర్చుని, "అమ్మా, నీ అక్షరాలు కోళ్ళలాగా పరిగెడుతున్నాయే, గూట్లో పెట్టు" అని నవ్వేవాడు. ఇప్పుడు ఎటు పరిగెత్తినా నువ్వే పట్టుకుని చదువుకోవాలి.

వాడి బండి మీ పెరటి కొట్టులో ఉందని మరిది కబురు చేశాడు. నాకు చూపించొద్దు. సుత్తితో కొట్టి పాత ఇనుము కింద ఇచ్చేయమను. నా తల కంటే ఎత్తున్న చక్రం, దాని మీద సీటు, వెనక ఎలుకపిల్లంత ఇంకో చక్రం. మనిషి ఎక్కి తిరగాల్సిన వస్తువేనా అది? వాడు మొదటిసారి దాని మీద వచ్చినప్పుడు గుర్రం మీది దొరగారి కంటే ఎత్తుగా కనిపించాడు. ఒప్పుకుంటున్నాను, ఆ రోజు నేను పొంగిపోయాను. ఇప్పుడు దాన్ని విరగ్గొట్టించు.

మొన్న పాదిరీ గారు ఒక కాగితం తెచ్చారు. మా రోడ్ల మీదికి ఈ కాలితో తొక్కే బండ్లను రానివ్వొద్దని మేజిస్ట్రేట్లకు అర్జీ. "అన్నిటికంటే పైన నీ పేరుండాలి కెజియా. కన్నతల్లే అడిగాక కాదనేదెవరు?" అన్నారు. ఆయన ఇంటి బట్టలు ఉతికి బతుకుతున్నదాన్ని, అయినా వెంటనే సరే అనలేకపోయాను. వచ్చే ఈస్టరుకు జరిగే ఊరి సభలో తేలుస్తారట. సంతకం పెట్టమంటావా?

ఒకటి అడగాలి. మూటలో వాడి ఇత్తడి బూర లేదు. క్లబ్బు బయలుదేరినా, ఆగినా, దిగినా ఊదేది వాడేగా. భుజానికి తాడుతో వేలాడుతూ ఎప్పుడూ వాడితోనే ఉండేది. అదెక్కడ?

నేనిప్పుడు కెటిల్ వాడటం లేదు. నీళ్ళు గిన్నెలోనే కాచుకుంటున్నాను.

అక్క

కోవెంట్రీ,
1884 జూన్ చివర

అక్కా,

నీ ఉత్తరం చదివి మా ఆయన కొట్టులోకి వెళ్ళి చాలాసేపు రాలేదు. సుత్తి పట్టుకుని వెళ్ళాడు, ఉత్త చేతులతో వచ్చాడు. "ఆ చక్రంలో ప్రతి ఊచా నేనూ ఆంబ్రోసూ కలిసి బిగించాం థర్జా. కొట్టమంటే ఎక్కడని కొట్టను?" అన్నాడు. కొన్నాళ్ళు ఉండనీ అక్కా. మీ ఊరు రాదు, నీ కంటపడదు.

నువ్వు ఆ బండిని తిట్టు, నీకు ఆ హక్కుంది. నాకు మాత్రం తిట్టబుద్ధి కావడం లేదు. మన నాన్న మగ్గం గుర్తుందా? ఫ్రాన్సు రిబ్బన్లు వచ్చి పడ్డాక ఈ ఊళ్ళో మగ్గాలన్నీ మూగవైపోయాయి. మనం టర్నిప్ దుంపలు ఉడకబెట్టుకుని తిన్న చలికాలాలు నువ్వు మర్చిపోలేదు. ఆ తర్వాత ఎవరో పారిస్ నుంచి ఒక చెక్క చక్రాల బండి తెచ్చారు. ఎక్కినవాడి పళ్ళు కూడా కదిలిపోయేవి, జనం వెంటపడి నవ్వేవారు. ఆ నవ్వులాటలోంచే ఈ వీధులకు మళ్ళీ పొగ గొట్టాలు, పొద్దున్నే బూట్ల చప్పుడు వచ్చాయి. రిబ్బను నేసిన వేళ్ళే ఇప్పుడు ఊచలు బిగిస్తున్నాయి. మన ఆంబ్రోస్ ఊచను వేలితో మీటి, మోగిన తీరును బట్టి బిగువు చెప్పేవాడు.

సంతకం సంగతి. క్లబ్బు కెప్టెన్ పెర్రిన్స్ గారు వేరే మాట చెబుతున్నాడు. దేశంలో సైకిల్ సంఘాల వాళ్ళు ప్రమాదమైన మిట్టల మీద ఇనుప బోర్డులు నాటిస్తున్నారట. దూరం నుంచి వచ్చేవాడు అది చూసి దిగి నడుస్తాడు. మన వాడు పోయిన గాండర్ మిట్ట మీద కూడా ఒకటి పెట్టాలని ఆయన పట్టుదల. అది ఊరి రోడ్డు కాబట్టి ఊరి సభ ఒప్పుకోవాలి. ఆయన నిన్ను చూడటానికి వస్తానన్నాడు. గుండీల కొట్టు నడుపుతాడు, మర్యాదస్తుడు. ఆయన మీదికి కుక్కను వదలకు.

బూర కెప్టెన్ గారి దగ్గరుంది. ఏదో బాగు చేయిస్తున్నారు.

కెటిల్ ఎందుకు వాడవు? తుప్పు పట్టిందా? మా దగ్గర ఇంకొకటుంది, పంపుతాను.

నీ చెల్లి
థర్జా

నెదర్ హాలో,
1884 జులై

థర్జా,

కెటిల్ పంపకు. నాదానికి తుప్పు పట్టలేదు.

మీ కెప్టెన్ వచ్చాడు. బండి దిగి మిట్ట మీద నుంచి కిందిదాకా దాన్ని నడిపించుకుంటూ వచ్చాడు. రైతు హైరన్స్ కంచె దగ్గర నిలబడి, "ఏం దొరా, గుర్రం కుంటిదా? నడిపించుకొస్తున్నావు" అన్నాడు.

"గుర్రం బాగానే ఉందండీ. మీ మిట్టే మంచిది కాదు."

"మా మిట్టకేం? మా తాతల నాటి నుంచి ఎడ్లు దిగుతున్నాయి, గుర్రాలు దిగుతున్నాయి. కోతులు దిగడమే కొత్త."

ఆయన టోపీ తీసి మా గుమ్మంలోకి వచ్చాడు. నేను కూర్చోమనలేదు. నిలబడే చెప్పాడు. "అమ్మా, ఆ మిట్ట పైనుంచి చూస్తే చదునుగా కనిపిస్తుంది. మలుపు తిరిగాక గానీ దిగుడు తెలీదు. తెలిసేసరికి చక్రం మన మాట వినదు. మాకు కావలసింది ఒక్క బోర్డు. సభలో మీరు ఒక మాటంటే చాలు. ఊరంతా మీ మొహమే చూస్తోంది."

"అంటే అటు పాదిరీ గారికీ నేనే కావాలి, ఇటు మీకూ నేనే కావాలి. బతికుండగా వాడి గురించి ఒక్కరూ నా దగ్గరికి రాలేదే" అన్నాను. ఆయన తల వంచుకున్నాడు. ఆ మాట అని ఉండాల్సింది కాదు. ఆయన కూడా చెమట కారేలా నడిచొచ్చాడు పాపం. తర్వాత రొట్టె పెట్టాను, తిన్నాడు.

వెళ్ళేటప్పుడు బూర గురించి అడిగాను. "బాగు చేయిస్తున్నామమ్మా" అంటూ తన బూట్ల వైపు చూసుకున్నాడు.

"ఏమైంది దానికి?"

"కొంచెం సొట్ట."

అబద్ధం చెప్పడం రానివాళ్ళను అబద్ధానికి పంపకూడదు థర్జా.

ఇంకో మాట. హైరన్స్ ఊళ్ళో అందరికీ చెబుతున్నాడు. "ఆ ఉతికేదాని కొడుకు కాళ్ళు రెండూ హ్యాండిల్ మీద వేసుకుని, సంతలో గారడీవాడిలా దిగాడు. డాబు కోసం పోయాడు" అని. బావి దగ్గర నా వెనకే అన్నాడు. నేను బకెట్ పట్టుకుని వచ్చేశాను.

వాడు డాబు చేశాడా? అదే నిజమైతే పాదిరీ గారి కాగితం మీద రేపే సంతకం పెడతాను, ఇంకే తల్లి కొడుకూ ఆ డాబుకు పోకుండా. నిజం కాకపోతే ఉన్నదేదో నాకు చెప్పు. నన్ను చిన్నపిల్లను చేసి చూడొద్దు. నీకంటే ముందు పుట్టినదాన్ని.

కెజియా

కోవెంట్రీ,
1884 ఆగస్టు

అక్కా,

ఈ ఉత్తరం చాలాసార్లు మొదలుపెట్టి పొయ్యిలో వేశాను. ఇక దాచను.

కాళ్ళు పైకి వేయడం డాబు కాదు. పెద్ద చక్రం దిగుడులో ఎంత జోరుగా తిరుగుతుందో కాళ్ళు పెట్టే తొక్కుళ్ళూ అంత జోరుగా తిరుగుతాయి, వాటి మీద కాళ్ళు నిలవవు. అందుకని కాళ్ళు తీసి హ్యాండిల్ మీదుగా ముందుకు చాచుకుంటారు. చక్రానికి రాయి తగిలి బండి తిరగబడితే తల మీద పడకుండా ముందుకు గెంతి కాళ్ళ మీద నిలవొచ్చని. క్లబ్బులో కొత్తవాళ్ళకు మొదట నేర్పేది అదే. బుద్ధిమంతులు చేసే పనే వాడూ చేశాడు. హైరన్స్‌కు ఆ మాట నా పేరు పెట్టి చెప్పు.

తెలిసిన మిట్టే కదా, ప్రతి ఆదివారం దిగేదే కదా అంటావేమో. ఆ ముందు వారం వానలకు రోడ్డు కొట్టుకుపోయిందని మలుపు అవతల కొత్తగా కంకర పరిచారు. మీ ఊళ్ళో దాన్ని రోలరుతో తొక్కించరుగా, దారిన పోయే బండ్లే తొక్కి చదును చేయాలి. ఆ వదులు రాళ్ళ మీద బండి జారింది. బ్రేకు పట్టాలి. బ్రేకు పిడి కుడిచేతి వైపు ఉంటుంది.

అక్కా, వాడి కుడిచేతిలో బూర ఉంది.

మా ఆయన వెళ్ళేసరికి కూడా దాన్ని వదల్లేదు. వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి తీశాడట. ఒక పక్క నొక్కుకుపోయింది. కెప్టెన్ దగ్గర లేదు, నా పెట్టెలో దుప్పట్ల కింద ఉంది. ఆయన చేత అబద్ధం ఆడించింది నేనే. ఎందుకో నీకు తెలుస్తుంది. వాడు నీకోసమే ఊదుతున్నాడని నువ్వు ఊహించకూడదని. అది తెలిస్తే నువ్వు ఏమైపోతావోనని.

ఇప్పుడు నన్ను తిట్టు.

థర్జా

నెదర్ హాలో,
1884 సెప్టెంబరు

థర్జా, నా చెల్లీ,

నిన్నెందుకు తిడతాను? నాకు మొదటి నుంచీ తెలుసు.

మిట్ట పైకి రాగానే వాడు ఊదేవాడు. కెటిల్ పెట్టు, వస్తున్నానని అర్థం. నేను కెటిల్ పొయ్యి మీద పెట్టి, రొట్టె కోసి, తలుపు తీసేసరికి వాడు గుమ్మం ముందు దూకేవాడు. నీళ్ళు మరగడం, వాడు రావడం ఒక్కసారే. ఆ ఆదివారం కూడా ఊదడం మొదలుపెట్టాడు. కెటిల్ పెట్టాను. పాట సగంలో ఆగిపోయింది. నేను నవ్వాను చెల్లీ. ఊపిరి చాలలేదు, సిగరెట్లు మొదలుపెట్టాడేమో, రానీ, చెబుతాను అనుకున్నాను. రొట్టె కోశాను. నీళ్ళు మరిగి మరిగి ఇంకిపోయాయి. అప్పుడు తలుపు తీశాను.

ఎవరికీ చెప్పలేదు. నీకు చెబితే నువ్వు తట్టుకోలేవనుకున్నాను. మీ ఇంట ఉంచుకుని వాణ్ణి పెంచింది నువ్వేగా. ఇద్దరం ఒకే రాయిని చెరో కొంగులో కట్టుకుని తిరిగాం.

ఇప్పుడు అసలు సంగతి. పోయిన నెల మిట్ట దగ్గర పుల్లలు ఏరుతున్నాను. పైనుంచి ఒక లావుపాటి మనిషి పెద్ద చక్రం మీద వస్తున్నాడు. మొహం వెలిగిపోతోంది, ఏదో కూనిరాగం. అచ్చం మన వాడి మొహంలో ఉండే వెలుగే. నేను పుల్లలు పారేసి రెండు చేతులూ చాపి రోడ్డు మధ్యకు పరిగెత్తాను. ఆయన హడలి కంచెలోకి పడ్డాడు. ముళ్ళు పీకుతూ ఎందుకమ్మా అని అడిగితే, మలుపు దాకా నడిపించి దిగుడు చూపించాను. టోపీ తీసి నిలబడిపోయాడు. లీమింగ్టన్‌లో బట్టల కొట్టట. ఒళ్ళు తగ్గాలని డాక్టరు తొక్కమన్నాడట. "పదహారేళ్ళప్పటి ఊపిరి తిరిగొచ్చిందమ్మా. మా ఆవిడ కూడా నన్ను గుర్తుపట్టడం లేదు" అన్నాడు. టీ ఇచ్చాను, గిన్నెలో కాచే. ఎంత చక్కటి మనిషని.

ఆ తర్వాత ఆలోచించాను. బండ్లనే రావొద్దంటే ఈ మొహాలు ఇటు రావు. మన వాడు తప్పు పనిలో పోయాడని ఊళ్ళో రాసిపెట్టినట్టే అవుతుంది. వాడు చేసింది తప్పు పని కాదు.

అందుకని ప్రతి ఆదివారం పొద్దున్నే మిట్ట మీదికి వెళ్ళి నా ఎర్ర ఉన్ని లోపలి లంగాను కర్రకు కట్టి పాతుతున్నాను. ఎర్రది అదొక్కటే ఉంది మరి. బండ్లవాళ్ళు దాన్ని చూసి ఆగుతున్నారు. కొందరు నవ్వుతారు, నవ్వినా దిగుతారు. పాదిరీ గారు చర్చికి పోతూ చూశారు.

"కెజియా, అదేమిటి?"

"లంగా అయ్యగారూ."

"ప్రభువు దినాన, రోడ్డు మీద?"

"మిగతా రోజుల్లో కట్టుకోవాలి కదండీ."

నా పేరు ఆయన కాగితం మీద ఉండదని చెప్పేశాను. ఆ వారం వాళ్ళింటి నుంచి బట్టలు రాలేదు. రాకపోతే పోనీ.

మీ కెప్టెన్‌కు చెప్పు, సభలో బోర్డు కోసం మాట్లాడతాను. ఒక్క షరతు. మీ క్లబ్బులో బూరవాడు సీటు మీద నుంచే ఊదాలి, దిగి ఊదితే నామోషీ అని మన వాడు గొప్పగా చెప్పేవాడు. ఇక నుంచి బూరవాడు కాళ్ళు నేల మీద పెట్టాకే ఊదాలి. ఎక్కడైనా సరే, ఎంత చదునైన రోడ్డయినా సరే. దానికి ఒప్పుకుంటేనే ఆంబ్రోస్ బూర వాళ్ళకు తిరిగి ఇవ్వు. లేకపోతే నాకు పంపు.

అక్క

కోవెంట్రీ,
1884 నవంబరు

అక్కా,

నీ లంగా సంగతి చదివి ఏడ్చాను, నవ్వాను, మళ్ళీ ఏడ్చాను. మా అమ్మాయి లెట్టీ ఆ ముక్క చదివి, "పెద్దమ్మకు సొంత జెండా ఉంది" అని వీధంతా చాటింది. చెప్పడం మరిచాను, లెట్టీ ఇప్పుడు మూడు చక్రాల బండి తొక్కుతోంది. నువ్వు బాధపడతావని ఇన్నాళ్ళూ రాయలేదు. ఇక నీ దగ్గర ఏదీ దాచనని ఒట్టు పెట్టుకున్నాను కాబట్టి రాస్తున్నాను. నిన్న తోటలో ఒక పెద్దావిడ దాన్ని చూసి, "ఆడపిల్లవి, కాళ్ళు అలా ఆడించొచ్చా?" అందట. "కుట్టుమిషను తొక్కేటప్పుడు మీరేం ఆడిస్తారండీ?" అందట ఇది. నోరు మన వైపుదే.

క్లబ్బు సంగతి. నీ షరతు చదివితే, వాళ్ళు సమావేశమయ్యే హోటల్ పైగదిలో పెద్ద గొడవైంది. మా ఆయన నన్నూ తీసుకెళ్ళాడు, మెట్ల దగ్గర నిలబడి విన్నాను. ఒకడు, "సీటు దిగి ఊదేవాడు బూరవాడేమిటి? పాలవాడు. పాలమ్మా పాలు అని అరిస్తే సరిపోతుంది" అన్నాడు. ఇంకొకడు, "సైన్యంలో గుర్రం దిగి ఊదుతారా?" అన్నాడు. కెప్టెన్ గారు కూడా మెత్తబడి, "మిట్టల దగ్గర మాత్రం దిగాలని పెడదామా" అన్నాడు.

నాకు అక్కడ నిలబడటం సాధ్యం కాలేదు. ఆడవాళ్ళు రాకూడని గదిలోకి వెళ్ళి, శాలువలోంచి బూర తీసి వాళ్ళ గ్లాసుల మధ్య బల్ల మీద పెట్టాను. వేళ్ళు పట్టుకున్న చోట మెరుపు, రెండో పక్క సొట్ట. పాలవాడన్న కుర్రాడే ముందు చెయ్యెత్తాడు. తర్వాత అందరూ.

ఎక్కడైనా సరే, ఎంత చదునైన రోడ్డయినా సరే, దిగాకే. నువ్వన్న మాటలే రాసుకున్నారు.

సొట్ట తీయిస్తామన్నారు. వద్దన్నాను. సరేనా?

థర్జా

నెదర్ హాలో,
1885 ఏప్రిల్, ఈస్టరు వారం

చెల్లీ,

సొట్ట ఉంచడమే సరి. నీకెలా తెలిసిందో.

సభ అయింది. చర్చి పక్క గదిలో. పన్ను కట్టే విధవరాలికి కూడా అక్కడ మాట ఉంటుందని పోయినేడు దాకా నాకే తెలియదు. వెనక బల్ల మీద కూర్చున్నాను. చలికాలమంతా లంగా ఆదివారాలు మిట్ట మీదే ఉంది, నా మోకాళ్ళు ఇంకా నొప్పులే.

ముందు పాదిరీ గారు తన కాగితం చదివారు. తర్వాత కెప్టెన్ ఉత్తరం చదివారు, ముక్కు చిట్లించుకునే. హైరన్స్ లేచాడు. "బోర్డు పెడితే ఈ కోతులను రండి రండి అని పిలిచినట్టే. నా గుర్రాలు బెదిరి బండి గుంటలో పడితే ఎవడు లాగుతాడు?"

కమ్మరి ఆయనకు ఎదురు తిరిగాడు. "నీ గుర్రం నీ భార్య టోపీకి కూడా బెదురుతుంది. దాన్నీ నిషేధిద్దామా?"

అందరూ నవ్వారు. నవ్వయ్యాక నా వైపు తిరిగారు. పాదిరీ గారు, "కెజియా, నీ కొడుకు పోయిన మిట్ట. దేవుని ఎదుట నీ మనసులో ఉన్నది చెప్పు" అన్నారు.

లేచాను. అనుకున్నవన్నీ మర్చిపోయాను. "నా కొడుకు డాబు చేయలేదు. నేర్చుకున్నట్టే చేశాడు. ఆ మిట్ట పైనుంచి చదునుగా కనిపిస్తుంది, అదే దాని కపటం. తెలిసినవాడు దిగి నడుస్తాడు. తెలియనివాడికి చెప్పేవాళ్ళు కావాలి. ఇన్నాళ్ళూ నా లంగా చెప్పింది. బోర్డు పెట్టకపోయినా, కాగితం మీద మేజిస్ట్రేట్లు ఏం రాసినా, నేను బతికున్నన్నాళ్ళూ ప్రతి ఆదివారం అది అక్కడే ఉంటుంది. గాలి ఉన్న రోజు చర్చి మెట్ల దాకా కనిపిస్తుంది. తర్వాత మీ ఇష్టం" అని కూర్చున్నాను.

హైరన్స్ మీసాల్లో నవ్వుకుంటూ, "ఏం చేద్దాం అయ్యగారూ? బోర్డా, లంగానా?" అన్నాడు.

పాదిరీ గారు కళ్ళజోడు తీసి చాలాసేపు తుడిచారు. "ఇనుముతో చేసింది నయం" అన్నారు. అందరికంటే ముందు ఆయనే చెయ్యెత్తారు. హైరన్స్ ఎత్తలేదు. కానీ బయటికి వచ్చాక, "గుంత తవ్వడానికి పార కావాలంటే నా దగ్గరుంది" అని నా వైపు చూడకుండా చెప్పి పోయాడు.

మర్నాడు పాదిరీ గారింటి నుంచి బట్టల మూట వచ్చింది. చలికాలమంతా పోగుపెట్టిన మాసిన దుప్పట్లు. మాట్లాడకుండా ఉతికాను.

అక్క

కోవెంట్రీ,
1885 ఏప్రిల్ చివర

అక్కా,

బోర్డు తయారైంది. పోత ఇనుము, మనిషి ఎత్తు స్తంభం. ఏ రంగు వేయాలని కెప్టెన్ అడిగితే, లెట్టీ నవ్వు ఆపుకోలేక పరిగెత్తింది. ఎర్రదే వేశారు. "సైకిల్ వారికి: ఈ మిట్ట ప్రమాదం. దిగి నడవండి" అని తెల్ల అక్షరాలు. కింద ఆంబ్రోస్ పేరు వేయమంటావా అని అడగమన్నారు. నీ మాట కోసం ఆగారు.

ఇక్కడ కొత్త వింత ఒకటుంది. రెండు చక్రాలూ ఒకే ఎత్తు, చిన్నవి. తొక్కుళ్ళ నుంచి వెనక చక్రానికి గొలుసు. కాళ్ళు నేలకు దాదాపు అందుతాయి. పెద్ద చక్రాల వాళ్ళు దాన్ని చూసి, "ముసలమ్మల బండి" అంటున్నారు. మా ఆయన మాత్రం చుట్టూ తిరిగి తిరిగి చూసి, "దీని మీద నుంచి పడటానికి చోటే లేదు" అన్నాడు. ఆ రాత్రి భోజనం దగ్గర ఏమీ తినలేదు. ఇది రెండేళ్ళు ముందు వచ్చి ఉంటే అని నేనూ అనుకున్నాను, పైకి అనలేదు. ఇప్పుడు నీకు అన్నాను.

మే మొదటి ఆదివారం అందరం వస్తాం. నేనూ మా ఆయనా రైల్లో, తర్వాత బండిలో. కొత్త బూరవాడు ఆ పాలవాడన్న కుర్రాడే. దిగి ఊదడం నేర్చుకుంటున్నాడు. మా వీధిలో కుక్కలన్నీ ఊరు విడిచిపోయాయి.

థర్జా

నెదర్ హాలో,
1885 మే

చెల్లీ థర్జా,

నువ్వు ఇక్కడి నుంచి వెళ్ళి మూడు రోజులైనా కాలేదు, ఇంతలోనే ఉత్తరమేమిటని అనుకుంటావు. ఆ రోజు నువ్వు మిట్ట మీద వాళ్ళతో ఉన్నావు. నేను కింద ఇంట్లో ఉండిపోయాను. నువ్వు పైకి రమ్మని ఎంత పిలిచినా రాలేదు కదా. ఎందుకు రాలేదో, ఇక్కడ ఏం జరిగిందో నీకు చెప్పలేదు. నువ్వున్నంతసేపూ గిన్నెలు కడగడమే సరిపోయింది.

పేరు వేయొద్దన్నందుకు నువ్వు నొచ్చుకున్నావని తెలుసు. బోర్డు చూసేవాడు ముందు దిగాలి. పేరు చదువుతూ ఉంటే రెండు అడుగులు ముందుకు పోతాడు. ఎవడి పేరు లేకపోయినా దిగితే చాలు.

నేను కిందే ఉండాలనుకున్నాను, ఎందుకంటే వాడు ఊదినప్పుడు నేనెప్పుడూ కిందే ఉండేదాన్ని. పొద్దున్నే కెటిల్ దించి బూజు దులిపాను. లోపల అడుగున తెల్లటి మచ్చ, ఆ రోజు నీళ్ళు ఇంకిపోయిన చోట. ఇసుకతో ఎంత తోమినా పోలేదు. ఉండనీ అనుకుని నీళ్ళు పోశాను. పొయ్యి మీద మాత్రం పెట్టలేదు. పక్కన పెట్టుకుని కూర్చున్నాను.

కాసేపటికి పైన మాటలు వినిపించాయి. తర్వాత ఏమీ లేదు. వాళ్ళు దిగుతున్నారని అర్థమైంది. అంతమంది ఒకేసారి కాళ్ళు నేల మీద పెడితే ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని నాకు తెలియదు.

అప్పుడు ఊదాడు. అదే బూర. సొట్ట వల్ల కాస్త బొంగురుగా ఉంది, జలుబు చేసినవాడి గొంతులాగా. వాడు ఆగిన చోటు నాకు బాగా తెలుసు. ఆ చోటు వస్తుంటే బల్ల అంచు పట్టుకున్నాను. వచ్చింది, దాటిపోయింది. ఆ తర్వాతి పాట నేను మర్చిపోయాననుకున్నాను. మర్చిపోలేదు. కిందికి దిగి, మళ్ళీ లేచి, చివర ఒక్కటే పొడుగ్గా.

చివరిదాకా విన్నాక లేచి కెటిల్ పొయ్యి మీద పెట్టాను. రొట్టె కోశాను. తలుపు తీసేసరికి మీరంతా బండ్లు చేత్తో పట్టుకుని నడుచుకుంటూ మలుపు తిరుగుతున్నారు. ఎండలో ఆ పెద్ద చక్రాలు ఊచలు ఊచలుగా మెరుస్తూ, వెనక మా లెట్టీ మూడు చక్రాల బండిని నెట్టుకుంటూ, అందరికంటే వెనక హైరన్స్ పార భుజాన వేసుకుని. ఎంత బాగున్నారో చెప్పలేను.

నీళ్ళు మరిగాయి. మీరు గుమ్మంలోకి వచ్చారు.

కప్పులు చాలలేదు, అంతే.

అక్క
కెజియా